‘ఫాలో’ అను మాట

ఇప్పటి తెలుగువారి నోట దినమునకు నూఱుమార్లు వినబడు ఆంగ్లక్రియ యొకటి కలదు. భక్తుడు స్వామివారిని ఫాలో అగుచున్నాడు. రోగి వైద్యుడు చెప్పిన పథ్యమును ఫాలో అగుచున్నాడు. కోడలు అత్తవారింటి ఆచారమును ఫాలో అగుచున్నది. రక్షకభటుడు దొంగను ఫాలో అగుచున్నాడు. పోకిరివాడు కళాశాలకు పోవు పిల్లను ఫాలో అగుచున్నాడు. లక్షలకొలది యువకులు తమకు నచ్చిన నటుని ఫోనులో ఫాలో అగుచున్నారు. తుదకు బడిలో బాలుడు పంతులుగారి పాఠమును ఫాలో అగుచున్నాడు. చదువరులారా, ఈ యేడు తెఱగులవారును చేయుచున్నది ఒక్క పనియేనా?

కాదని అందఱును ఎఱుగుదురు. ఎఱిగియు ఒక్క మాటనే వాడుచున్నాము. ఒకని వెంట ఒకడు పోవుచున్నాడన్నచో, ఏ బుద్ధితో పోవుచున్నాడు, ఎవరి మేలుకొఱకు పోవుచున్నాడు, తెలిసి పోవుచున్నాడా తెలియక పోవుచున్నాడా అని అడుగవలసియున్నది. మన పాతమాటలలో ఒక్కొక్కటి ఈ ప్రశ్నకు ఒక్కొక్క సమాధానమును చెప్పుచుండెను. ఫాలో అను మాట, మనము వాడు తీరున, ఆ ప్రశ్న నడుగు నవసరమే లేకుండ చేయుచున్నది. ఇందువలన భాషకు కలిగిన నష్టము కొంచెము; మనుష్యులకు కలుగుచున్న నష్టము పెద్దది. దానిని చూపుటయే మా పని.

ముందుగా ఆ మాట పుట్టుకను చూతము. నిందింపదలచినవాని వంశమును తెలిసికొనుట న్యాయము కదా. ప్రాచీనాంగ్లమున దీని రూపము ‘ఫోల్గియన్’. జర్మనుల ‘ఫోల్గెన్’ దీనికి తోబుట్టువు. ఈ క్రియకు తొలినుండియు వెంట నడచుట, తోడుగా నుండుట, కొలుచుట అను నర్థములు కలవు. ఉత్తరదేశపు నార్సుజనుల ప్రాచీనభాషలో ‘ఫ్యుల్గ్య’ యనగా మనుష్యుని విడువక తోడుండు నొక యదృశ్యశక్తి. ఈ ధాతువునకు మూలమేదో నిశ్చయముగ తేలలేదు. నిండుగా పోవుట, అనగా కడవఱకు తోడుపోవుట, అను సమాసమునుండి పుట్టియుండునని కొందఱు పండితుల యూహ. ఒకదాని ఫలితముగ మఱొకటి తేలుట యను నర్థము పదమూడవ శతాబ్దమునాటికే యేర్పడినది. చెప్పుచున్న దానిని మనస్సుతో పట్టుకొనిపోవుట, అనగా గ్రహించుట, అను నర్థము పదునేడవ శతాబ్దపు చివరను గాని రాలేదు. ఇది యంతయు గౌరవమైన చరిత్రయే. ఆంగ్లేయునికి ఈ క్రియతోపాటు లోబడుటకొకటి, తరుముటకొకటి, పొంచి వెంటాడుటకొకటి, గ్రహించుటకొకటి వేఱువేఱు క్రియలు కలవు. వాని యింట పదిపాత్రలు ఉండగా మనము ఒక్క చెంబును తెచ్చుకొని, మన యింటి పాత్రలన్నిటిని వీధిలో పాఱవైచితిమి.

ఇంకొక వంశమును చూడుడు. లాటినులో వెంబడించుటకు ‘సెక్వి’ యందురు. ఆంగ్లేయులు ఆ ధాతువునుండి తెచ్చుకొన్న మాటలు మన యూళ్లలోను తిరుగుచున్నవి. కోర్టులో వేయు సూటును, ఒంటిమీద వేయు సూటును ఆ ధాతువు సంతానమే. మొదటి దాని వెంట వచ్చునది గనుక రెండవదానికి సెకండు అను పేరు వచ్చినది. పరమతమువారిని వెంటాడి హింసించుటను చెప్పు ఆంగ్లక్రియయు దానినుండియే పుట్టినది. ఈ లాటిను ధాతువునకు సంస్కృతమున చుట్టము సచ్ ధాతువు. ఋగ్వేదమున అది కలిసియుండుట, తోడుండుట యను నర్థమున కనబడును. సచివ శబ్దము దానినుండి వచ్చినదే. ఆ శబ్దమునకు మంత్రి, సహాయుడు అను రెండర్థములను అమరసింహుడు చెప్పియున్నాడు. రాజు వెంట నుండువాడు సచివుడు. అయినను రాజు తప్పుదారి పట్టినపుడు ఆపవలసినవాడును అతడే. నేడు మనము ప్రభుత్వకార్యస్థానమునకు సచివాలయమని పేరు పెట్టుకొంటిమి. ఆ పేరులో ఈ రెండవ బాధ్యత యున్నదని తలచువారు ఎందఱో మేము చెప్పజాలము.

ఇక తెలుగు. వెనుక, వెంట, వెంబడి, వెన్నంటి అను మాటలు వెన్ను అను దేశ్యపదమునకు చుట్టములు. ఒకని వెన్ను చూచుచు నడచుటయే ఈ మాటలకు మూలమైన చిత్రము. అక్కడనుండి మన పూర్వులు ఎన్ని దారులు తీసిరో గమనింపుడు. బిడ్డ తల్లి వెంట పోవును. భటుడు దొంగను తరుమును. వేటకాడు మృగమును వెంటాడును, దాని జాడ తీయును. అంగరక్షకుడు వెన్నంటియుండును. శిష్యుడు గురువు మాట పాటించును, ఆయన నడవడిని అనుసరించును. తెలివిలేనివాడు అనుకరించును. పోకిరి వెంటపడును. పాఠము బోధపడును. కారణమునుండి ఫలితము తేలును. నన్ను ఫాలో అగుమను అర్థముగల క్రీస్తు పిలుపును తెనిగించునపుడు బైబిలు అనువాదకులు వెంబడించుట యను క్రియను తీసికొనిరి. ఆ మాట క్రైస్తవుల ప్రార్థనలలో భక్తిగాను, పత్రికల నేరవార్తలలో భయముగాను నేటికిని బ్రతికియున్నది. ఒకే మాట రెండు చోట్ల రెండు రీతుల నిలిచినను, ఏది యెక్కడనో తెలుగువానికి సందేహము కలుగదు.

ఇంత చెప్పి, మన మాటలన్నియు పరిశుద్ధములు, పరాయిమాటయే పాపి యని మేము అనబోము. అట్లనుట అసత్యము. అనుగమనము అను సంస్కృతపదమును తీసికొనుడు. వెంట పోవుట యని దాని యక్షరార్థము. ఎంత మెత్తని మాట! భర్త చనిపోగా భార్యను చితి కెక్కించుటకు మన పెద్దలు పెట్టిన పేరులలో అదియు నొకటి. కాల్చుట యని పేరు పెట్టినయెడల ఎవరికైనను ఒడలు జలదరించియుండును. వెంట పోవుట యనుటచేత శతాబ్దముల తరబడి పండితులును పామరులును చూచుచు నిలిచిరి. రామమోహనరాయలు మొదలగువారు పోరాడగా 1829వ సంవత్సరము డిసెంబరు 4వ తేదీని వంగదేశమున బెంటింకు ప్రభువు ఆ యాచారమును నిషేధించెను; మఱుసటి యేడు చెన్నపురి రాజధానిలోను నిషేధము వచ్చినది. చేయుచున్న పనిని కప్పిపుచ్చు మాట ఏ భాషలోనిదైనను అపాయకరమే యని ఈ చరిత్ర చెప్పుచున్నది. అనుగమనము ఆనాడు చేసిన పనినే, చిన్నమోతాదులో, ఫాలో నేడు చేయుచున్నది.

నిదర్శనము కావలెనా? బడికి పోవు ఆడపిల్ల వెంట పది దినములు తిరిగినవానిని గూర్చి ఇరుగుపొరుగువారు ఏమందురు? ఫాలో అగుచున్నాడులే, వయస్సు అట్టిది, అందురు. చలనచిత్రములలో కథానాయకుడు చేయు మొదటి పని యదియే; ప్రేక్షకులు ఈలలు వేయుదురు. చట్టము మాత్రము ఈలలు వేయుట లేదు. 2013లో భారత శిక్షాస్మృతికి 354డి అను సెక్షను చేర్చి, స్త్రీకి ఇష్టము లేదని స్పష్టమైన పిమ్మటను ఆమె వెంటబడి మాటిమాటికి పలుకరింపజూచుట నేరమని శాసించిరి. 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ న్యాయసంహితలో అదియే 78వ సెక్షనుగా నిలిచియున్నది. వెంటపడినాడు, వేధించినాడు అని తెలుగున చెప్పిన తండ్రికి రక్షకభటుల ఠాణాకు పోవలెనని తోచును. ఫాలో అయినాడు అని చెప్పిన తండ్రికి కూతురిని బడి మాన్పింపవలెనని తోచును. మాట మాఱగా శిక్ష ఎవరిమీదికి మాఱినదో ఇంటింటి తల్లిదండ్రులు ఆలోచింతురు గాక.

ఫోనులోని ఫాలోయర్ల సంగతియు నిట్టిదే. 2006లో మొదలైన ట్విట్టరు వంటి వేదికలు ఈ క్రియకు క్రొత్త యర్థమును లోకమంతట వ్యాపింపజేసినవి. ఇక్కడ వెంట నడువ నక్కఱలేదు, కొలువ నక్కఱలేదు, గ్రహింప నక్కఱలేదు. వ్రేలితో నొక్కిన చాలును. నొక్కినవారి సంఖ్యయే పెద్దఱికమునకు కొలతయైనది. సంస్కృతమున దీనికి గడ్డరికాప్రవాహన్యాయమను పేరు కలదు. మన పల్లెలలో గొఱ్ఱెదాటు అందురు. ముందరి గొఱ్ఱె దాటినదని వెనుకటి గొఱ్ఱెయు దాటును. గొఱ్ఱెదాటు అన్నప్పుడు వినువానికి కొంచెము సిగ్గు కలుగును. ఫాలోయింగు అన్నప్పుడు గర్వము కలుగుచున్నది.

అయినను మేము ఈ వ్యాసమును పూనుటకు ముఖ్యకారణము వీధియు కాదు, ఫోనును కాదు, బడి. బడి పంతులు పాఠము ముగించి అడుగు ప్రశ్న యిప్పుడు ఒక్కటే: ఫాలో అయ్యారా? పిల్లలు ముక్తకంఠముతో చెప్పు సమాధానమును ఒక్కటే. తనిఖీకి వచ్చిన అధికారి యొకడు ఇదే ప్రశ్న వేసి, ఇదే జవాబు విని, సంతసించి సంతకము చేసి పోవుటను మేము కన్నులార చూచితిమి. బోధపడినదా యని అడిగినయెడల, ఏమి బోధపడినదో చెప్పుము అను రెండవ ప్రశ్న దానివెనుకనే వచ్చును. ఫాలో అయితివా యనుటలో అది రాదు. పంతులు ముందు నడచెను, పిల్లలు వెనుక నడచిరి, గంట మ్రోగెను, అంతటితో సరి.

ఖమ్మమునుండి కొత్తగూడెము, పాల్వంచల మీదుగా భద్రాచలము వైపు పోవుకొలది ఈ ప్రశ్న మఱింత నిష్ఫలమగును. అడవి యంచున నున్న దుమ్ముగూడెము, చర్ల మండలములలోను, గోదావరి దిగువను చింతూరు, కూనవరము ప్రాంతములలోను పెక్కు పిల్లల యింటిభాష కోయ. 2011 జనాభా లెక్కలలో కోయభాషను మాతృభాషగా చెప్పుకొన్నవారు నాలుగు లక్షలకు పైగా నున్నారు. ఆ భాష తెలుగునకు పరాయిది కాదు. ద్రావిడకుటుంబమున గోండితోపాటు తెలుగునకు దగ్గఱ శాఖలోనిదే. కాని అక్కచెల్లెండ్ర భాషలైనను ఒకరి మాట ఒకరికి నేర్వకయే తెలియదు. 2014లో రాష్ట్రము రెండైనపుడు భద్రాచలపు పట్టణము తెలంగాణమున నిలిచినది, చుట్టుపట్ల పల్లెలు పెక్కు ఆంధ్రప్రదేశమునకు పోయినవి. గీత మాఱినది, గీతకు రెండువైపుల నున్న కోయపిల్ల కష్టము మాఱలేదు. 2022–23 విద్యాసంవత్సరమునుండి తెలంగాణ ప్రభుత్వపు బడులలో మొదటి తరగతి మొదలు ఎనిమిదవ తరగతి వఱకు ఆంగ్లమాధ్యమము వచ్చినది. ఇప్పుడా పిల్ల కోయను ఇంట విడిచి, తెలుగును గడపలో దాటి, ఆంగ్లమున కూర్చుండవలెను. అట్టిదానిని నిలువబెట్టి ఫాలో అయ్యావా యని అడిగిన, తల యూపక ఏమి చేయును? ఆ యూపుటలో భయము కలదు, మర్యాద కలదు, కాదన్నచో మఱల నిలువబెట్టుదురను తెలివి కలదు. పాఠము మాత్రము లేదు.

ఆ పిల్ల తెలివితక్కువదా? వర్షము వెలిసిన మఱునాడు దానివెంట అడవిలోనికి పోయి చూడుడు. బురదలోని గిట్టగుర్తును చూచి పోయినది ఏ జంతువో, ఎప్పుడు పోయినదో, ఎటు తిరిగినదో చెప్పగల పెద్దల నడుమ అది పెరిగినది. దీనిని తెలుగున జాడ తీయుట యందురు. మా సంస్కృతపు చదువులో దీనికి ప్రమాణశాస్త్రమున పెద్దపీట కలదు. దానికి అనుమానమని పేరు. పొగను చూచి నిప్పును తెలిసికొనుట, గుర్తును చూచి మృగమును తెలిసికొనుట. అను అనగా వెంట, మానము అనగా తెలిసికొనుట. గుర్తు వెంట పోయి తెలిసికొనుట యన్నమాట. ఆంగ్లేయులు తర్కమున ఇందువలన ఇది ఫాలో అగుచున్నది అని చెప్పు నర్థమును ఇదియే. ఆ క్రియకు గల యర్థములలోకెల్ల ఎత్తైనది అడవిపిల్లకు పుట్టుకతో సమీపమున నున్నది. దానిని బడిలోనికి రానీయక, వెనుక కూర్చుండి తల యూపుటను మాత్రము నేర్పి, ఫాలో అయినదని పుస్తకమున వ్రాసికొనుచున్నాము.

ఇంకొక విశేషము కలదు. ఆ అనుమానమే వాడుకలో సందేహమను నర్థమును పొందినది. ఈ రెండర్థములు ఒక మాటలో నిలుచుట మాకు దోషముగ తోచదు. గుర్తు వెంట నిజముగ నడచువానికే సందేహము కలుగును. ఊరక వెంట పోవువానికి కలుగదు. కాబట్టి తరగతిలో చేయి యెత్తి, అయ్యా, నాకు అనుమానము, అను పిల్లయే పాఠమును అనుసరించుచున్న పిల్ల. మన బడులలో అట్టిదానికి దొరకు బిరుదు, ఫాలో కానిది యని!

భద్రాచలమునకు సుమారు 35 కిలోమీటర్ల దూరమున, దుమ్ముగూడెము మండలమున, గోదావరి యొడ్డున పర్ణశాల కలదు. సీతారాములు నివసించిన పర్ణశాల యిదియే యని ఈ ప్రాంతమువారి విశ్వాసము. ఏటేట యాత్రికులు వచ్చి చూచి పోవుచుందురు. రామకథను ఎఱుగనివారు మనలో లేరు. అందులో వెంట పోయినవారు ఎందఱో! అయోధ్యాపురజనులు రథము వెంట పోయి తమసాతీరమున నిద్రించిరి. తెల్లవాఱునప్పటికి రథము లేదు. లక్ష్మణుడు నిద్రపోలేదు. బంగారులేడి కనబడినపుడు ఇది మారీచుని మాయయని అనుమానించినవాడును అతడే. అన్న వెంట అడవికి వచ్చిన తమ్ముడు, అనుచరులకెల్ల ఆదర్శమైనవాడు, అన్న యెదుట నిలిచి తన సందేహమును చెప్పెను. రాముడు లేడి వెంట పోయెను. పిమ్మట లక్ష్మణుడును నిష్ఠురములకు తాళలేక, తన తెలివికి విరుద్ధముగ, కేక వచ్చిన వైపు పోయెను. జరిగినది లోకమునకు తెలియును. అనుచరుని ధర్మము నోరుమూసికొని నడచుట యని చెప్పువారికి రామాయణము ఆధారము కాజాలదు.

గురువే శిష్యుల వెంట పోయిన కథ తెలుగుదేశమున లేకపోలేదు. గిడుగు రామమూర్తిపంతులు (1863–1940) పర్లాకిమిడిలో ఉపాధ్యాయులు. చుట్టుపట్లనున్న సవరల మాట తమకు తెలియదని గ్రహించి, వారియొద్దనే కూర్చుండి నేర్చుకొని, వారి పిల్లలకై వారి భాషలో పుస్తకములు వ్రాసిరి. 1931లో సవరభాషకు వ్యాకరణమును, 1938లో నిఘంటువును అచ్చులోనికి తెచ్చిరి. మేమీ వ్యాసమును వ్రాయుచున్న గ్రాంథికమును ఆ మహనీయుడు మెచ్చడని యెఱుగుదుము. ఆయన పనిని మెచ్చుటకు అది మాకు అడ్డు కాదు. నైజాము రాష్ట్రమున ఆదిలాబాదు ప్రాంతపు మార్లవాయిలో హైమెండార్ఫు పండితుని ప్రోత్సాహమున 1943లో గోండు ఉపాధ్యాయుల శిక్షణకేంద్రము పుట్టినది. పిల్లలకు మొదట గోండియందే చదువు చెప్పిరి. 1956లో రాజ్యాంగమునకు 350ఏ అధికరణమును చేర్చి, అల్పసంఖ్యాకభాషల పిల్లలకు ప్రాథమికవిద్యను మాతృభాషలో చెప్పు ఏర్పాటులు చేయవలెనని ప్రభుత్వములకు ఆదేశించిరి. 2004లో నాటి ఆంధ్రప్రదేశప్రభుత్వము కోయ, సవర, గోండి, బంజారా మొదలగు ఎనిమిది భాషలలో తొలితరగతుల బోధనను కొన్ని బడులలో ఆరంభించెను. దారి లేదని యెవరును చెప్పరాదు. దారి వేసినవారు కలరు, నడచి చూపినవారును కలరు. మఱల మఱల ఆ దారిని విడుచుచున్నది మనము.

మాకు రెండు ఆక్షేపణములు వచ్చునని తెలియును. మొదటిది, భాష పరాయిమాటలను తీసికొనియే బ్రతుకును కదా, రైలును స్కూలును విడుతురా యని. విడువము. రైలు మనకు లేని వస్తువు; దానితోపాటు దాని పేరు వచ్చినది. కాగితమును, కచ్చేరీని, బల్బును మనము సంతోషముతో చేర్చుకొంటిమి. వచ్చినమాట మనకు క్రొత్త తెలివి నిచ్చునా, ఉన్న తెలివిని మాన్పునా యనునదే మా పరీక్ష. ఫాలో ఈ పరీక్షలో నెగ్గలేదు. రెండవది, ఆంగ్లము బీదపిల్లలకు ఉద్యోగమిచ్చును, కోయపిల్లకు ఆంగ్లము వలదందురా యని. వలదనము. మేము ఆంగ్లము చెప్పియే బ్రతుకుచున్నవారము. కోయపిల్లకు ఆంగ్లము చక్కగా రావలెను గనుకనే, ముందుగా తనకు తెలిసిన మాటలో ఆలోచించుట, తెలియదని చెప్పుట, ఎందుకని అడుగుట రావలెను. పునాది లేక లేపిన గోడను ఎత్తైనదని పొగడుట గోడకు మేలు చేయుట కాదు.

కావున మా కోరిక చిన్నది. ఇంట పెద్దవారు ఫాలో అను మాట నోటికి వచ్చినపుడు ఒక్క క్షణము ఆగి, తాము చెప్పదలచినది పాటించుటయో, అనుకరించుటయో, వెంటపడుటయో, గ్రహించుటయో తమలో తాము తేల్చుకొందురు గాక. కోడలిని ఆచారమును పాటింపుమనుటకు ముందు, ఆ యాచారము ఎందుకో చెప్పగలమా యని అత్తగారు తలచుకొందురు గాక. పత్రికలవారు ఆడపిల్ల వెంటబడినవాని నేరమును దాని పేరుతో వ్రాయుదురు గాక. బడిపంతులు పాఠము ముగిసిన పిదప ‘ఫాలో అయ్యారా’ యని యడుగుట మాని, ‘నీకు తెలిసినది నీ మాటలో చెప్పుము’ అని యొక్క పిల్లను అడుగుదురు గాక. ఆ పిల్ల కోయలో చెప్పినయెడల, అర్థము చేసికొనవలసిన భారము అప్పుడు పంతులుది. ఆ దినము ఆయన ఆ పిల్ల వెంట నాలుగడుగులు నడువవలసివచ్చును. నడచినందున గురుత్వమునకు లోపము రాదు.